బోర్డు లేని గుమ్మం

"కార్డుందా?" గేటుకి అడ్డంగా చెయ్యి చాపి అడిగాడు వాచ్‌మన్.

మెడలో వేలాడుతున్న కార్డుని ఆమె అతని ముక్కు దాకా తెచ్చింది. ఇల్లిల్లూ తిరిగి అమ్ముకోవచ్చని కాలనీ ఆఫీసువాళ్ళు ఇచ్చిన అనుమతి అది. ఫొటో, ముద్ర, సంతకం అన్నీ ఉన్నాయి. దానికోసం చెప్పులరిగేలా తిరిగింది. చిన్న తప్పు దొరికినా కార్డు లాగేసుకుంటారు, ఇక జన్మలో ఈ గేటు దాటనివ్వరు.

"ఏం అమ్ముతావు?"

"డోర్‌మ్యాట్లు. పాతగుడ్డలతో నేనే కుట్టాను."

"సరే, వెళ్ళు. ఆ చివరింటికి మాత్రం పోకు. ప్రెసిడెంటుగారిల్లు. ఈ కార్డు రూలు పెట్టించిందే ఆయన. నేను చేరకముందు సొంతచుట్టాలనే గేటు దగ్గర్నుంచి వెనక్కి తోలేశారట."

"ఆ ఇంటికి బోర్డుందా?"

వాచ్‌మన్ చివరింటి గుమ్మం వైపు చూశాడు. అమ్మేవాళ్ళు రావద్దని బోర్డున్న ఇంటి బెల్లు కొట్టకూడదు. బోర్డు లేకపోతే కార్డున్న మనిషి బెల్లు కొట్టొచ్చు, ఇంటివాళ్ళతో మాట్లాడొచ్చు. ప్రెసిడెంటు వీధంతా బోర్డులు పెట్టించాడు గానీ తనింటికి పెట్టుకోలేదు. తన గుమ్మం ఎక్కే గుండె ఎవరికుందిలే అని ఆయన ధీమా.

"బోర్డయితే లేదు..."

"అయితే అక్కడికే వెళ్తా."

"పులినోట్లో తల పెడతానంటావేంటమ్మా?"

"ఆ ఇంట్లో ఒక్కటి తీసుకుంటే చాలన్నా. ఇంక నాకు తిరుగులేదు."

తమాషా చూద్దామని వాచ్‌మన్ వెనకే నడిచాడు. ఆమె కిందికి చూడకుండానే, వదులై కదిలే రెండోమెట్టుని దాటేసి, బెల్లుని బొటనవేలితో గట్టిగా అదిమింది.

తలుపు తీసిన ప్రెసిడెంటు ముఖం కందగడ్డయింది.

"ఎవరు రానిచ్చారు నిన్ను?"

"మీ రూలేనండి."

ఆయన వాచ్‌మన్ వైపు ఓసారి చూసి, కార్డు లాక్కుని తిప్పి తిప్పి పరీక్షించాడు. ముద్రని గోటితో గీకి చూశాడు. ఆమె ముఖం మాత్రం చూడలేదు.

"ఆ రూలు రాసింది నేను!"

"తెలుసండి. అందుకే అక్షరం వదలకుండా చదివాను. బోర్డు లేదు, వేళ మించలేదు, కార్డు నాదే. ఇంట్లో ఆడవాళ్ళని పిలవండి."

"ఇంట్లో ఎవరూ లేరు."

లోపల టకటకలాడుతున్న కుట్టుమిషను ఠక్కున ఆగింది.

"పో అవతలికి!"

ఇవాళ వెనక్కి తగ్గితే ఈ మెట్లు మళ్ళీ ఎక్కలేనని ఆమెకి బాగా తెలుసు.

"పోనండి. రూలు నచ్చకపోతే రేపు మార్చుకోండి. ఇవాళ మాత్రం వినాల్సిందే."

వాచ్‌మన్ దగ్గు నటించి నవ్వు దాచుకున్నాడు.

గుమ్మానికి అడ్డంగా ఉన్న భర్త చేతిని పక్కకి నెట్టి ఇల్లాలు బయటికొచ్చింది. మెడలో కొలతల టేపు ఇంకా వేలాడుతోంది. డోర్‌మ్యాట్ అందుకుని వెనక్కి తిప్పింది. అంచు వెంట వేలు పోనిచ్చి, మూల దగ్గర రెండుసార్లు బిగించిన కుట్టు మీద ఆగింది.

"కుట్టు గట్టిగా ఉంది," అంది, భర్తకి వినపడేలా. "ఎవరు నేర్పారు నీకు?"

"నువ్వే కదా, అమ్మా!"