గాటు ఉన్న వైపు

బొట్టు సారు తన నోటి దగ్గర కూడు లాక్కున్నాడని టవరు మేస్త్రీ పద్నాలుగేళ్లుగా అడిగినవాడికీ అడగనివాడికీ చెబుతూనే ఉన్నాడు.

మొన్నటిదాకా ఆయన మొహం చూడనేలేదు. చూస్తే ఏం చేయాలో మాత్రం తెలుసు.

వాళ్లది ఎరువుల ఫ్యాక్టరీ. కరిగించిన ఎరువును టవరు మీదికి ఎక్కించి, చిల్లుల పలకలోంచి జల్లులా వదులుతారు. కింద నుంచి చల్లగాలి ఎదురొస్తుంది. పైన బొట్టుగా బయలుదేరింది కింద పడేసరికి ఆవగింజంత గుండ్రటి గుళిక అయిపోవాలి.

ఒకప్పుడు అయ్యేది కాదు. సగం పిండి, సగం ముద్ద.

పలక చిల్లులు పై వైపు వెడల్పుగా, కింది వైపు సన్నగా ఉండాలని కనిపెట్టినవాడు మేస్త్రీ. మూడు నెలలు ఆదివారాలు కూడా మానకుండా తొలిచాడు. పైకి ఉండాల్సిన వైపు, అంచు మీద ఆకురాయితో చిన్న గాటు పెట్టాడు. అతని సుత్తికీ, రెంచీకీ, టిఫిన్ డబ్బాకీ అదే గాటు. ఐదో తరగతిలో బడి మానేసినవాడికి సంతకమంటే అదే.

ఆ పలకను గోనెలో చుట్టి, అన్ని ఫ్యాక్టరీల నమూనా బస్తాలూ తీసుకెళ్లే లారీలో హెడ్డాఫీసుకు పంపాడు. చీటీ పెట్టలేదు. తన అక్షరాలు చూసి నవ్వుతారని సిగ్గు. గాటు చూస్తే ఎవరిదో తెలియదా అనుకున్నాడు.

ఏడాది తిరిగేసరికి అలాంటి పలకలే అన్ని ఫ్యాక్టరీలకూ వచ్చాయి. కనిపెట్టింది హెడ్డాఫీసు ఇంజనీరట. పొద్దస్తమానం బొట్టు సైజు గురించే మాట్లాడతాడని ఆయన్ని అందరూ బొట్టు సారు అంటారట. కంపెనీ ఏదో బహుమానం కూడా ఇచ్చిందట.

ప్రతి పలక మీదా గాటు ఉంది. ఆఖరికి గాటు కూడా వదల్లేదని మేస్త్రీ పళ్లు నూరాడు.

ఆ బొట్టు సారు మొన్న సోమవారం స్వయంగా వచ్చాడు. రిటైరైన మనిషి, ఊదితే ఎగిరిపోయేలా ఉన్నాడు. కొత్త టవరు తొలి జల్లు తన చేతుల మీద జరిపిస్తానని తనే అడిగి వచ్చాడని ఆఫీసులో టైపు చేసే మేనకోడలు చెప్పింది. ఇది సాఫీగా జరిగితే ఆయన్ని సలహాదారుగా పెట్టుకుని ఫ్యాక్టరీలన్నీ తిప్పుతారట.

"వాచ్‌మన్‌ని కూడా అండీ అంటున్నాడు మావయ్యా."

"అనడా మరి. ఒకడి కష్టం మింగిన నోరు, తియ్యగానే ఉంటుంది."

బుధవారం సాయంత్రం పలక బిగించే పని మేస్త్రీదే. తిరగేసి బిగించాడు. గాటు కిందికి పోయింది. నాలుగు బోల్టులు. ఒక్కో బోల్టుకీ మూడున్నరేళ్ల కసి తిప్పాడు.

సరిచూసినట్టు సంతకం పెట్టాల్సింది బొట్టు సారు. మోకాళ్ల నొప్పులతో పైకెక్కలేక, మేస్త్రీ మాట నమ్మి పెట్టేశాడు.

గురువారం పొద్దున మేనేజరూ పెద్దలూ కింద గుళికలు పడే బెల్టు పక్కన నిలబడ్డారు. జల్లు మొదలైంది. గుళికలు రాలేదు. తోకలున్న కప్పపిల్లల్లాంటివి కొన్ని, పెళ్లలు పెళ్లలుగా ముద్దలు కొన్ని, బెల్టు నిండా పడ్డాయి.

"ఇదేనా మీరు కనిపెట్టింది?" అన్నాడు మేనేజరు, అందరి ముందూ.

మేస్త్రీకి కడుపు నిండిపోయింది.

బొట్టు సారు జల్లు ఆపించి, మోకాళ్లు పట్టుకుంటూ మెట్లన్నీ ఎక్కాడు. ఆ మొహం దగ్గర్నుంచి చూడాలని మేస్త్రీ రెంచీ తీసుకుని వెనకే వెళ్లాడు.

పలక తిరగబడి ఉందని ముసలాయన ఇట్టే పట్టేశాడు. విప్పమని చెప్పబోయి, మేస్త్రీ చేతిలోని రెంచీ మీది గాటు చూసి ఆగిపోయాడు.

"ఈ రెంచీ ఎవరిదండీ?" పక్కనున్న కమ్మీ పట్టుకున్నాడు.

భయమనుకున్నాడు మేస్త్రీ. "పాత మేస్త్రీది. ఈ పలక మొదట చేసినవాడిది."

"ఆయన ఎక్కడుంటారు?"

ఇన్నేళ్ల విషమూ నాలుక మీదికొచ్చింది. "చచ్చాడు. తన పని ఎవడో కొట్టేస్తే కుమిలి కుమిలి చచ్చాడు."

"పిల్లలు?"

"ఎవరూ లేరు."

ముసలాయన చాలాసేపు ఆ గాటు మీద నుంచి వేలు తియ్యలేదు.

కిందికి దిగి, సంతకం తనది కాబట్టి తప్పూ తనదేనని, మేస్త్రీని ఏమీ అనవద్దని మేనేజరుతో చెప్పాడు. ఆఫీసులో కూర్చుని ఒక కాగితం రాసిచ్చి, వాచ్‌మన్‌కి వెళ్లొస్తానండీ అని చెప్పి మధ్యాహ్నం బస్సెక్కాడు. బస్సు మలుపు తిరిగేదాకా మేస్త్రీ గేటు దగ్గరే నిలబడి కళ్లారా చూశాడు.

సాయంత్రం మేనకోడలు ఏడ్చిన కళ్లతో వచ్చింది. చేతిలో ఆ కాగితం నకలు. అసలుది లారీలో హెడ్డాఫీసుకు వెళ్లిపోయిందట.

"పద్నాలుగేళ్లుగా ఈ గాటు ఎవరిదని ప్రతి ఫ్యాక్టరీకీ ఉత్తరాలు రాశాడట మావయ్యా. మన మేనేజర్లు ఒక్కళ్లూ జవాబివ్వలేదట. చేసినవాడి సంతకం చెరపకూడదని పలకలన్నిటి మీదా గాటు పెట్టించింది ఆయనేనట. నీ టిఫిన్ డబ్బా చూపించినా సరిపోయేది కదా."

మేస్త్రీ మిగతాది చదవమన్నట్టు చెయ్యి ఊపాడు.

ఆమె చివరి వాక్యం చదివింది: "పలక చేసిన మనిషి ఇక లేరనీ, వారసులూ లేరనీ ఈరోజు తెలిసింది కనుక, కంపెనీ దీనికి బహుమానంగా నాకిచ్చిన స్థలాన్ని, ఆయనకు అప్పగించాలని ఇన్నేళ్లూ ఒక్క ఇటుకైనా పెట్టకుండా కాపాడిన స్థలాన్ని, కంపెనీకే తిరిగి ఇచ్చేస్తున్నాను, మొత్తం రెండు వందల నలభై గజాలు."