కాకి కూలి

ఏ అడవో అడగకండి, నేను దారి తప్పి చూసిన అడవి అది. అక్కడ ఉడత నేరేడుపళ్లు అమ్మేది. వాగు అవతలి బేరగాళ్లు ధరగా ఇచ్చే వేరుశనగ గింజల్ని కాకి మోసుకొచ్చి, పదికి ఒకటి కూలిగా తినేది. ఏనుగు రాజుకి ఉడత కట్టాల్సిన పన్ను కూడా ఆ గింజల్లోనే కలిసి వచ్చేది.

వానలు దగ్గరపడ్డా ఉడత తొర్ర నిండలేదు. పిల్లల్ని వెంటబెట్టుకుని రాజు దగ్గరకెళ్లింది.

"దొరా, నా గింజలు మోసినందుకు కూలి సరే. మీ పన్ను మోసినందుకు కూడా కాకి నా గింజలే తింటోంది."

ఏనుగు చెవులు విసరడం ఆపింది. "ఇకమీదట పన్ను గింజల మీద కూలి లేదు," అంది.

అక్కడే కొమ్మ మీదున్న కాకి వినయంగా తల వంచింది. "చిత్తం దొరా. కానీ అన్నీ ఒకేలా ఉంటాయి. ఏది పన్నో, ఏది ధరో నాకెలా తెలుస్తుంది? కొత్త కళ్లు తెప్పించుకోవాలి. పదేళ్లు పడుతుంది."

పక్కనున్న గుడ్లగూబ అయ్యో పాపం అంది.

"అవునా బావా," అంది ఉడత. "మరి ఇన్నేళ్లలో నీ కూలిలోకి ఒక్క పుచ్చు గింజ కూడా రాలేదేం? అవన్నీ నా తొర్రకే దారెలా కనుక్కున్నాయి?"



"అయితే నా పన్ను పుచ్చు గింజల్లోనే పంపండి," అంది ఏనుగు. "కాకి ఇట్టే గుర్తుపడుతుంది. నేనెలాగూ నమలకుండా మింగేస్తాను."

ఆ వానాకాలం తొర్ర నిండింది. కాకి ఇప్పుడు రెక్కల అరుగుదలకి పరిహారం కావాలంటోంది. ఆ అర్జీ రాసిపెట్టమని నన్నే అడిగింది. అబద్ధాలు అందంగా రాస్తానని నా పేరు అడవిదాకా పాకింది మరి.