ఫర్మ్‌వేర్ ఎక్కేదాకా

"స్లిప్పులు నాలుగింటికి! ఎన్నిసార్లు సెప్పల్లప్పా మీకు?"

అనూరాధ తల తిప్పకుండానే కసిరింది.

సర్వర్ గది గుమ్మంలో నిలబడ్డ మనిషి కదల్లేదు. తలకు తువ్వాలు, కాళ్లకు రేగడి మట్టి. పత్తి రోజుల్లో ఆదోని జిన్నింగ్ మిల్లు గుమ్మంలో అలాంటి మనిషి నిలబడ్డాడంటే కాటా స్లిప్పు కోసమే. ఇక అడగాల్సిందేముంది? అనూరాధ అడగలేదు.

ఆమె తలనొప్పి ఆమెకు చాలు. ఎమ్మిగనూరు రోడ్డు మీది ఆ మిల్లులో కాటా, బేళ్ల లెక్క, స్లిప్పులు అన్నీ ఒక్క సర్వర్ మీదే నడుస్తాయి. పోయిన వారం అది రెండుసార్లు చెప్పాపెట్టకుండా ఆగిపోయింది. యంత్రంతో పాటు వచ్చిన ఫర్మ్‌వేర్ పాతబడిందనీ, దాన్నీ డ్రైవర్లనూ మార్చకపోతే తమకు సంబంధం లేదనీ కంపెనీవాళ్లు చేతులు దులుపుకున్నారు. మార్చేద్దామని మేనేజర్ శ్రీపాదరావును పట్టుబట్టి ఒప్పించింది అనూరాధే. కొరివితో తల గోక్కోవడమంటే అదే.

"రెండు గంటలిస్తా. నాలుక్కు కాటా నడవకుంటే రేపట్నుంచి నువ్వు రావాల్సిన పనే లేదమ్మా," అన్నాడాయన.

బయట యాభై ట్రాక్టర్లు ఆగి ఉన్నాయి. తెర మీద పదమూడు శాతం దగ్గర గీత కదలకుండా కూర్చుంది.

"స్లిప్పు గాదమ్మా..." అన్నాడు గుమ్మంలో మనిషి.

"ఏదైనా నాలుగింటికే! ఇది నడుమ ఆగిందంటే సచ్చినట్టే. మళ్లా లెయ్యదు. దీంతోపాటు నా ఉద్యోగమూ పోతాది!"

ఆయన సర్వర్ వంక కాస్త భయంగా చూశాడు.

"కరెంటు మీద నడిచేదేనా ఇది?"

"కాదు, కిరసనాయిలు మీద!"

ఆ వెటకారానికి ఆయన నవ్వలేదు. తువ్వాలు సర్దుకొని వెళ్లిపోయాడు.

నిజానికి కరెంటు గురించి ఆమెకు బెంగ లేదు. మిల్లుకు జనరేటర్ ఉంది. అది అందుకునేదాకా నిలబెట్టడానికి మూలన యూపీఎస్ ఉంది.

మూడింటికి మొదటి ఫర్మ్‌వేర్ ఎక్కింది. హమ్మయ్య అనుకునేలోగా డిస్కుల ఫర్మ్‌వేర్ నలభై ఒక్క శాతం దగ్గర మొరాయించింది. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే పావుగంట సంగీతం వినిపించి, "వెయిట్ చేయండి మేడం," అన్నారు. ఆ మాత్రం సలహా గేటు దగ్గర వాచ్‌మన్ కూడా ఇస్తాడు.

గుమ్మంలో మళ్లీ అదే తువ్వాలు.

"అయ్యిందామ్మా?"

"నీకేం పనీపాటా లేదా పెద్దాయనా? ఈడ నా ప్రాణం పోతాంటే!"

"ఇంగ ఎంతసేపు పడ్తాదో సెప్పు తల్లీ, అంతే."

"గంట! ఇంగ గంట! పో!"

ఆయన గోడ గడియారం వైపు చూశాడు. ఏదో అనబోయి ఆగాడు.

"సరేలేమ్మా. నిదానంగా సేసుకో."

నిదానంగా అన్నందుకు ఆమెకు ఇంకా ఒళ్లు మండింది.

నాలుగైంది. శ్రీపాదరావు రెండుసార్లు తొంగిచూసి, చేతి గడియారం చూసుకుంటూ వెళ్లాడు. కొత్త ఫర్మ్‌వేర్‌కు పాత నెట్‌వర్క్ డ్రైవర్ పొసగక, కాటా గదిలోని కంప్యూటర్‌కు సర్వర్ కనిపించడమే మానేసింది. గోరుచుట్టు మీద రోకటిపోటు. కొత్త డ్రైవర్ వేసి, మళ్లీ ఆపి, మళ్లీ లేపింది.

నాలుగుంబావుకు కాటా గది నుంచి కేక వినిపించింది.

"వచ్చినాది మేడం!"

అనూరాధ కుర్చీలో కూలబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అయ్యిందామ్మా?"

మూడోసారి!

"అయ్యిందప్పా, అయ్యింది! పోయి తీసుకోపో నీ స్లిప్పు!"

"నీ ఉద్యోగం నిలిచింది తల్లీ, సంతోషం," అని ఆయన పరుగులాంటి నడకతో వెళ్లిపోయాడు.

పది నిమిషాలు కాలేదు, కరెంటు పోయింది.

యూపీఎస్ ఒక్కసారి కుయ్యిమని ఊరుకుంది. సర్వర్ టక్కున ఆగింది. యూపీఎస్ బ్యాటరీలు ఎప్పుడు చచ్చాయో ఎవరికీ తెలియదు. రెండు నిమిషాలకు జనరేటర్ అందుకున్నాక సర్వర్ లేచింది. పని పూర్తయింది కాబట్టి లేచింది.

ఇదే గంట ముందు పోయి ఉంటే! ఆ భయమంతా కోపమై, అనూరాధ లైన్‌మన్ గోవిందన్నకు ఫోన్ కొట్టింది.

"మాట మాత్రం సెప్పకుండా కరెంటు తీస్తావా గోవిందన్నా? గంట ముందు తీసింటే నా బతుకు బుగ్గైపోయేది!"

"సెప్పకుండానా? కాలిపోయిన పక్క ట్రాన్స్‌ఫార్మర్ మార్చేకి మీ లైను గూడా ఆపుకోమని సబ్‌స్టేషనోళ్లు రెండింటికే ఎల్సీ ఇచ్చినారు. మిల్లోళ్లకు ఒక మాట సెప్పి రాపో అని మనిషిని పంపితి. ఆయప్ప వచ్చి, ఆ యమ్మ మిషను సచ్చిపోతాదంట, ఉద్యోగం పోతాదంట, ఆగన్నా అని నా సెయ్యి పట్టుకొన్యాడు. రెండు గంటలు స్తంభం కింద ఎండలో కూసున్యాము."

అనూరాధ సిగ్గుతో చితికిపోయింది. ఒక్కసారైనా ఆ మనిషిని మాట పూర్తి చేయనివ్వలేదు.

"ఇప్పుడు మీ పని ఐపోతాదా అన్నా?"

"యాడైతాది? ఐదింటికి ఎల్సీ మూసెయ్యల్ల. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ దించేకే సరి. కొత్తది ఎక్కించేది మళ్లా ఎల్సీ దొరికినాకే. నాలుగు దినాలో, వారమో."

"మీ మనిషికి ఫోన్ ఇయ్యన్నా. క్షమించమని అడగల్ల. మీ స్టాఫేనా ఆయన?"

"మా స్టాఫు యాడమ్మా! మీ మిల్లు ఎనకాల రైతు, ఓబన్న. ఆ ట్రాన్స్‌ఫార్మర్ కాలినకాడ్నుంచి పది దినాలుగా నీళ్లు లేక ఎండిపోతాండే మిరప తోట ఆయప్పదే."