యాడ్ అడగని మనిషి

"మూడు వందల పన్నెండు వెబ్‌సైట్లు మేడం! ఒక్క క్లిక్‌తో మీ ప్రెస్ నోట్ ప్రపంచమంతా వెళ్లిపోతుంది."

ఫోన్‌లో హైదరాబాద్ కంపెనీ అబ్బాయి ఊపిరి తిప్పుకోకుండా చెబుతున్నాడు.

మెహ్రీన్ పొద్దుటి నుంచి ఇలాంటి కంపెనీలతోనే మాట్లాడుతోంది. ఇది నాలుగోది. ఒకరు వంద సైట్లంటే ఇంకొకరు రెండు వందలన్నారు. అంకె పెరిగే కొద్దీ ఆమెకు ఆశ పెరుగుతోంది.

కోరుట్ల బస్టాండు వెనుక సందులో ఆమె కుట్టు కేంద్రం. సిరిసిల్ల గుడ్డ తెచ్చి, పెళ్లిళ్లలో పంచే సంచులు కుట్టిస్తుంది. ఆరుగురు ఆడవాళ్లు పని చేస్తారు. వచ్చే నెలలోగా ఆర్డర్లు రాకపోతే మిషన్ల మీద గుడ్డ కప్పి తాళం వేయడమే.

అప్పుడే గుమ్మంలో ఒక పెద్దాయన నిలబడ్డాడు. చంకలో సంచి, జేబులో రెండు పెన్నులు.

మెహ్రీన్‌కు ఒళ్లు మండింది. ఆగస్టు దగ్గర పడింది. ఈ రోజుల్లో ఇలాంటి వేషంతో ఏ చిన్న పేపర్ విలేకరి వచ్చినా స్వాతంత్ర్య దినోత్సవ శుభాకాంక్షల యాడ్ కోసమే. ఈ వారంలో ఇప్పటికే ముగ్గురు వచ్చి పోయారు.

"పంద్రాగస్టు యాడ్ ఇయ్యం కాకా," అంది ఫోన్ చెవికి దూరంగా పెట్టి.

"యాడ్ కాదు బిడ్డా. నేను అచ్చింది..."

"జర ఆగు కాకా, ఫోన్‌ల ఉన్న."

ఆయన ఆగాడు. సంచులు కుట్టే అంజవ్వ మిషన్ పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. కుట్టిన సంచి ఒకటి తీసి, పట్టీలు గట్టిగా గుంజి చూశాడు.

"మంచిగ కుడుతున్నరు చెల్లె. పని బాగ నడుస్తుందా?"

"యాడ నడుస్తుందన్నా! ఆర్డర్లే లెవ్వు. ఉన్న ఆరుగురికే పని లేదు," అంది అంజవ్వ.

ఆయన ఏదో అడగబోయి మానేశాడు.

మెహ్రీన్ ఫోన్ పెట్టేసింది. "అంజవ్వా, మూడొందల పన్నెండట!"

"గవన్ని ఎవలు సదువుతరు బిడ్డా?" పెద్దాయన అడిగాడు.

"ప్రపంచం మొత్తం."

"ప్రపంచం మొత్తం కోరుట్లకచ్చి సంచులు కొంటదా?"

అంజవ్వ నవ్వు ఆపుకుంది. మెహ్రీన్‌కు ఆ ప్రశ్న నచ్చలేదు. నిజమేనేమో అనిపించడం అసలే నచ్చలేదు.

"నువ్వు రాసిన కాయితం ఉందా?" అన్నాడాయన.

తెలుగులో రాసుకున్న ప్రెస్ నోట్ బల్ల మీదే ఉంది. కంపెనీ వాళ్లు ఇంగ్లీషులో కావాలన్నారు కాబట్టి దానితో ఇక పని లేదు.

"తీస్కపో కాకా. గని యాడ్ గీడ్ ఏస్తే నేను పైసలియ్య."

ఆయన కాగితం మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు. మంచినీళ్లు కూడా అడగలేదు. ఆమె ఇవ్వనూ లేదు.

కంపెనీకి డబ్బు కట్టిన మూడో రోజున సైట్ల జాబితా వచ్చింది. ఎక్కడెక్కడి దేశాలో! మెహ్రీన్ చుట్టాలందరికీ పంపి మురిసిపోయింది. అది చూసి ఒకే ఒక్క ఫోన్ వచ్చింది. నాలుగు వందల సైట్లిస్తామంటూ ఇంకో కంపెనీ.

ఆరో రోజు పొద్దున్నే మళ్లీ ఫోన్ మోగింది.

"కథలాపూర్ నుంచి మాట్లాడుతున్న. పేపర్ల సూసిన. మా పిల్ల పెండ్లికి ఐదొందల సంచులు గావాలె."

ఆ వెనకే జగిత్యాల. తర్వాత సిరిసిల్ల. మధ్యాహ్నానికి పదకొండు ఆర్డర్లు! ఆడవాళ్లంతా మిషన్లు వదిలి ఫోన్ చుట్టూ చేరారు.

మెహ్రీన్ సంతోషం పట్టలేక కంపెనీకి ఫోన్ చేసి, పేపర్లో వేయించినందుకు థాంక్స్ చెప్పింది.

"ఏ పేపర్ మేడం?" ఆ అబ్బాయి తెల్లబోయాడు. "మీ ప్యాకేజీలో తెలుగు పేపర్లు లేవే!"

మరి ఎవరు?

బస్టాండుకు పరుగెత్తి పేపర్లన్నీ కొంది. నాలుగింటి జిల్లా పేజీల్లో తను రాసిన నోటే, తన ఫోన్ నంబరుతో సహా ఉంది. పక్కనే టీ తాగుతున్న విలేకరి మహిపాల్‌ను పట్టుకుంది.

"అన్నా, గీ వార్త మీకెవలిచ్చిండ్రు?"

"సత్తయ్య కాక. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల, మూడూర్లు బస్సుల తిరిగి విలేకర్లందరికీ ఆయనే ఇచ్చిండు."

గుర్తులు అడిగితే, జేబులో రెండు పెన్నుల మనిషేనట.

"ఆయన ఏ పేపర్ల చేస్తడు?"

"పేపర్ ఏంది? రిటైరైన బస్ కండక్టర్ గదా! మెయిళ్లు లేని కాలంల మా వార్తల కవర్లన్నీ ఆయన చేతులనే కరీంనగర్ పోయేటియి. ఇరవై ఏండ్లల్ల ఒక్క కవరు పోగొట్టలె. ఒకసారి వాగు పొంగి బస్సు ఆగితే, నెత్తి మీద పెట్టుకొని దాటిండు. గసొంటోడు కాయితం తెస్తే కాదంటమా?"

"ఎప్పుడూ తెస్తడా?"

"ఎన్నడు తేలె. ఇదే మొదటిసారి. గా పిల్లకు ఆర్డర్లు రావాలె అన్నడు, గంతే."

మెహ్రీన్‌కు సిగ్గేసింది. ఆయనను ఎంత మాటంది! అయినా ముక్కూమొహం తెలియని తన కోసం మూడూళ్లు ఎందుకు తిరిగినట్టు? మిఠాయి డబ్బా కొనుక్కుని, అడ్రస్ అడుగుతూ ఆయన ఇల్లు చేరింది.

ఇంట్లో ఆయన భార్య లసుమవ్వ ఒక్కతే ఉంది.

"ఆయన లేడు బిడ్డా. మా బిడ్డ శోభను ఇడిసిపెట్ట హైదరాబాద్ పోయిండు. గాడ బట్టల కంపెనీల పని దొరికింది. రెండేండ్లు కదలొద్దని కాయితం రాయించుకున్నరట. పొద్దుగాల ఏడ్చుకుంటనే బస్సెక్కింది."

మెహ్రీన్ మిఠాయి డబ్బా అరుగు మీద పెట్టింది.

"అవ్వా, గా రోజు కాక మా దగ్గరికి ఎందుకచ్చిండో నీకేమన్న చెప్పిండా?"

"ఎందుకేంది బిడ్డా, మా శోభకు నీ కాడ కుట్టుపని దొరుకుతదేమో అడుగుదామని పోయిండు, ఉన్నోళ్లకే పని లేదంటే అడగ మనసొప్పక అచ్చిండట."