నోరు తిరగని వాక్యం

“మళ్ళీ అనండి,” అంది టీచరమ్మ.

మంత్రిగారు అన్నారు.

టీచరమ్మ కళ్ళు మూసుకుంది. “సోదరులారా అనాల్సిన చోట గొర్రెల్లారా అన్నారు.”

“అంత తేడా ఎవరు పట్టించుకుంటారమ్మా?”

“గొర్రెలు పట్టించుకోవు. టీవీ వాళ్ళు పట్టించుకుంటారు.”

మంత్రిగారి బంగళాలో వెనకవైపు గది అది. కిటికీలు మూసి, తెరలు లాగేశారు. ఫ్యాను తిరుగుతుంటే అక్షరం అక్షరంలా వినపడడం లేదని దాన్నీ కట్టేశారు. లోపల ముగ్గురికీ చెమటలు. బయట పీఏ కాపలా. టీచరమ్మ వస్తున్నది అమ్మగారికి ఊలు అల్లికలు నేర్పడానికని నౌకర్లతో చెప్పారు. చెప్పాక నిజం చెయ్యాలి కదా, మంత్రిగారి భార్య ఓ మూల కూర్చుని అల్లుతూనే ఉంది. స్వెట్టరుకు ఒక చెయ్యి వచ్చింది. ఆయనకు ఒక్క వాక్యమూ రాలేదు.

ఎల్లుండి బహిరంగ సభలో ఆయన కాగితం చూడకుండా ఆ భాషలో మాట్లాడాలి. తడబడ్డారా, కుర్చీ పోయినట్టే. గిట్టనివాళ్ళు బాహాటంగానే అనేశారు. “ఆయనకా భాష రాదు. వస్తే మైకు ముందు నిలబడి మాట్లాడమనండి. నోరు పెగిలితే మేం రాజకీయాలు మానేస్తాం.” పౌరుషానికి పోయి మంత్రిగారు సరేనన్నారు. అన్నాక ఇంటికొచ్చి పడుకున్నారు.

ఆ కుర్చీ అంత తేలిగ్గా దొరికింది కాదు. ఆయన ఓ చిన్న జాతివాళ్ళ పార్టీకి నాయకుడు. మావాళ్ళకు న్యాయం జరగాలంటూ నూనూగు మీసాలప్పుడు రాజకీయాల్లోకి దిగారు. ఎవరు గెలిచినా నాలుగు సీట్లు తక్కువ పడేవి. ఆ నాలుగూ ఈయన దగ్గరుండేవి. ప్రధానులు మారారు, జెండాలు మారాయి, బంగళాలో సోఫా గుడ్డలు మారాయి. మంత్రి మాత్రం ఈయనే. ఏ కూర వండినా ఉప్పు తప్పదు మరి.

చిన్న జాతివాడు పెద్దవాళ్ళ మధ్య నెగ్గుకు రావాలంటే నాలుక ఎన్ని మెలికలు తిరగాలో ఆయనకే తెలుసు. ఆ భాషలో మాత్రం ఒక నమస్కారం, ఒక నినాదం, అంతే. వాటితోనే ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చారు. అంతకు మించి మాట్లాడాల్సి వస్తే గొంతు పట్టేసేది. పీఏ మైకు అందుకునేవాడు. ఆ గొంతు ఎప్పుడు పట్టేస్తుందో డాక్టరు కన్నా పీఏకే ముందు తెలిసేది.

“ఈ వయసులో కొత్త భాషంటే మాటలా టీచరమ్మా?” అంది భార్య, సూదుల మీంచి చూపు తిప్పకుండా. “నోరు తిరగొద్దూ?”

టీచరమ్మ ఏదో అనబోయి మంచినీళ్ళు తాగింది.

ఆవిడ పాఠాలు చెప్పిన బడి మూతపడి చాన్నాళ్ళయింది. ఈ గండం గట్టెక్కిస్తే తెరిపిస్తానని మంత్రిగారు మాటిచ్చారు. ఆ మాట ఆయన ప్రతి ఎన్నికకూ ఇస్తారు. అయితే ఇన్నాళ్ళూ ఆవిడకే ఆయనతో పని. ఇప్పుడు ఆయనకు ఆవిడతో పనిబడింది. అందుకే కాస్త ఆశ పెట్టుకుంది.

“అర్థాలూ వ్యాకరణం తరవాత,” అని మొదటి రోజే తేల్చేశారు మంత్రిగారు. “మీరు రాసుకొచ్చింది నేను బట్టీ పట్టేస్తాను. ముందు నోరు తిరగనివ్వండి.”

అది తిరగడం లేదు.

“ఆ అక్షరం గొంతులోంచి రావాలండీ. పుక్కిలించినట్టు.”

మంత్రిగారు పుక్కిలించారు.

తలుపు ఓరగా తెరుచుకుంది. పీఏ తల లోపలికి పెట్టాడు. “సార్, డాక్టర్ని పిలవమంటారా?”

“తలుపెయ్.”

వేశాడు. మంత్రిగారు చేతిలో గ్లాసు బల్ల మీద ఠక్కున పెట్టారు. “ఇదేం భాషమ్మా? మనుషులు మాట్లాడేదేనా?”

“మూడేళ్ళ పిల్లలు మాట్లాడతారండీ,” అంది టీచరమ్మ. ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి.

“వాళ్ళకేం, వేరే పనా పాటా?”

మూలనుంచి ఆ వాక్యం వినిపించింది. మొదటి మాటనుంచి చివరి మాటదాకా, గొంతులో అక్షరంతో సహా. ఇద్దరూ తల తిప్పి చూశారు. మంత్రిగారి భార్య ఊలు ఉండ విప్పుకుంటోంది.

“నువ్వెప్పుడు నేర్చుకున్నావే?”

“నేర్చుకునేదేముందండీ. ఇన్నిసార్లు వింటే గోడకైనా వస్తుంది.”

“అయితే ఎల్లుండి నువ్వే వెళ్ళి మాట్లాడు.”

“నాకేం, వెళ్తాను. కుర్చీ కూడా ఇచ్చేస్తారా మరి?”

అది తగిలింది. మంత్రిగారు లేచి నిలబడ్డారు. కండువా సర్దుకున్నారు. ఎదురుగా ఉన్న బీరువానే జనం అనుకుని, ఒక్క ఊపిరిలో వాక్యం మొత్తం అనేశారు. ఎక్కడా తడబడలేదు. గొర్రెలు రాలేదు. గొంతులోంచి రావాల్సింది గొంతులోంచే వచ్చింది.

మూలన సూదులు ఆగాయి.

“ఇదేనండీ,” అంది టీచరమ్మ మెల్లగా. “ఎల్లుండి ఇలాగే మొదలుపెట్టండి. ఈ ఒక్క ముక్కకే జనం లేచి నిలబడతారు.”

మంత్రిగారు కుర్చీలో కూలబడి, కండువాతో మెడ తుడుచుకున్నారు. చాలా రోజులకు ముఖంలో కాస్త కళ వచ్చింది.

“ఇంతకీ ఏమన్నానమ్మా నేను?”

టీచరమ్మ సంచీ భుజాన వేసుకుంటూ చెప్పింది. “‘సోదరులారా, మా అమ్మ ఉగ్గుపాలతో నేర్పిన మన జాతి భాషను నేను కలలో కూడా మరవలేదు’ అన్నారండీ.”