ఒంటి చేత్తో ఎనభై

"నా కారుకి స్పీడు చలానానా?"

డ్రైవింగ్ స్కూలు మాస్టారు ఆ కాగితాన్ని భోజనాల బల్ల మీద విసిరికొట్టారు. గ్లాసు దొర్లి, నీళ్ళన్నీ ఎదురుగా కూర్చున్న అల్లుడి ఒళ్ళో పడ్డాయి.

మామూలప్పుడు మాస్టారంత నెమ్మదస్తుడు లేడు. కోపం వస్తే మాత్రం ఇల్లు పీకి పందిరేస్తారు. ముప్పై ఏళ్ళుగా ఒక్క చలానా ఎరగని మనిషాయె. ఆ ముక్కే స్కూలు కారు వెనక అద్దం మీద ఎర్రక్షరాలతో రాయించుకున్నారు కూడా. సరిగ్గా ఆ కారుకే వచ్చిపడింది చలానా.

"యాభై దాటకూడని రోడ్డు మీద ఎనభై! పైగా ఒంటి చేత్తో నడిపారట, అదీ రాశాడు. తారీకు చూడు అల్లుడూ. పోయిన నెల తొమ్మిది, పొద్దున పదకొండు గంటలు. ఆ పూట నేనెక్కడున్నాను?"

"ఆస్పత్రిలో, మావయ్యగారూ."

"గుండెపోటొచ్చి ఒళ్ళు తెలీకుండా పడున్నాను! ఆంబులెన్సులో తీసుకెళ్ళామని మీరే చెప్పారు. మరి నా కారు రోడ్డెక్కిందేం? తాళాలు తీసిందెవరు?"

అల్లుడు అత్తగారి వంక చూశాడు. ఆవిడ గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"నేనే తీశాను మావయ్యగారూ," అన్నాడు అల్లుడు, తడిసిన ప్యాంటు దులుపుకుంటూ.

"నేనక్కడ చావుబతుకుల్లో ఉంటే నువ్వు నా కారేసుకుని షికార్లు కొడుతున్నావా? పిల్లనిచ్చాను కదా అని నెత్తికెక్కుతావా?"

"పోనిద్దురూ. కట్టేసి ఊరుకుందాం," అంది ఆవిడ మెల్లగా.

"నువ్వు మధ్యలో రాకు! కారు సంగతి నీకేం తెలుసు? మూడు రోజులు నేర్పితే, మూడు రోజులూ ఒక చెయ్యి వదిలేసి కళ్ళజోడు సర్దుకున్నదానివి! రెండు చేతులూ స్టీరింగు మీద ఉండాలి. అది చేతకానివాళ్ళు నా కారు ముట్టుకోకూడదు. నీకూ అదే మాట, ఇతగాడికీ అదే మాట."

ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే మాస్టారు అల్లుణ్ణి కార్లో కూలేసి చలానాల ఆఫీసుకి బయల్దేరారు. దారిపొడుగునా తిట్లే. ఎర్రలైటు పడ్డప్పుడల్లా ఓ కొత్త తిట్టు.

ఆఫీసులో కిటికీ వెనకున్న గుమాస్తా కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. "అయితే నడిపింది మీరు కాదంటారు."

"కాదు. ఇవిగో ఆస్పత్రి కాగితాలు. నా పేరు కొట్టేసి ఈ పెద్దమనిషి పేరు రాయండి. నోటితోనే ఒప్పుకున్నాడు."

"ఒప్పుకుంటే సరిపోదండీ. కెమెరా తీసిన ఫోటో ఈ కవర్లో ఉంది. చూసి మీరు ఎవరి పేరు చెబితే వాళ్ళ మీద రాస్తాను. లైసెన్సు లేని మనిషైతే కోర్టుకెక్కాల్సిందే. పేరు చెప్పకపోతే బండి మీది కాబట్టి చలానా మీకే."

"మావయ్యగారూ, చూడకండి. నా పేరు రాయించెయ్యండి," అంటూ అల్లుడు చెయ్యి పట్టుకున్నాడు.

మాస్టారు విదిలించి కొట్టారు. కవరు చింపి ఫోటో బయటికి లాగారు.

దాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశారు. వెనక వరసలో ఎవరో విసుక్కున్నారు. ఇంకెవరో దగ్గారు. మాస్టారు కదల్లేదు.

"ఏమండీ, ఎవరి పేరు రాయమంటారు?" అన్నాడు గుమాస్తా.

"నాదే."

"అదేంటి? ఆస్పత్రిలో ఉన్నానన్నారు కదా ఇప్పటిదాకా?"

"నా పేరే ఉంచవయ్యా అంటుంటే! చెవుడా నీకు?"

ఆ అరుపుకి ఆఫీసంతా ఇటు తిరిగింది. మాస్టారు కలం లాక్కుని, కాగితం చిరిగేలా సంతకం గీకేసి, ఫోటోని ఎవరి కంటా పడకుండా చొక్కా జేబులో దోపుకున్నారు.

ఆ ఫోటోలో కారు నడుపుతున్నది ఆయన భార్యే. ఆవిడ ఒక చెయ్యి స్టీరింగు మీద ఉంది, రెండో చెయ్యి పక్క సీట్లో నోరు తెరుచుకుని వాలిపోయిన మాస్టారి గుండె మీద ఉంది.