సన్యాసమ్మ కలిపిన మసాలా

కోడలి స్కూటీ గేటు దాటిన చప్పుడు వినబడగానే సన్యాసమ్మ వంటింటి కిటికీ బార్లా తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, నేరానికి దిగింది.

బీరువాలో పాత చీర మడతల్లో దాచిన పొట్లం విప్పింది. ఎండు రొయ్యపొట్టు. మూకుట్లో దోరగా వేయించి, మిక్సీలో మెత్తగా పొడి చేసి, అలమరలో ఉన్న చాట్ మసాలా డబ్బాలో పోసి అడుగునుంచి కలిపేసింది. ఆ తర్వాత ఇల్లంతా సాంబ్రాణి పొగ వేసి, టీవీ ముందు ఏమీ ఎరగనట్టు కూర్చుంది.

ఆ ఇంట్లో నీచు నిషేధం. నీచుతో ఆగితే బాగుండును, పాలు, పెరుగు, నెయ్యి, ఆఖరికి తేనె కూడా నిషేధమే. కోడలు శ్రీసత్య వీగన్. జంతువు నుంచి వచ్చినదేదీ గడప దాటి రాకూడదు. కొడుకు ఉదయ్‌కుమార్ ఇంట్లో మాత్రమే వీగన్. ఆఫీసు క్యాంటీన్‌లో ఏం తింటాడో చొక్కా వాసన చూస్తే తల్లికి తెలిసిపోతుంది.

బీచ్ రోడ్డులో బండ్ల మీద దొరికేవన్నీ శ్రీసత్య ఇంట్లోనే చేస్తుంది. జీడిపప్పు వెన్నతో పావ్ భాజీ. శనగపిండిలో నల్లుప్పు కలిపి, గుడ్డు వాసన తెప్పించిన ఆమ్లెట్. బఠాణీ చాట్. శనివారం సాయంత్రం మధురవాడలోని వాళ్ల అపార్ట్‌మెంట్ జనానికి అమ్ముతుంది. మొదట్లో సగానికి సగం మిగిలిపోయేది. ఆ మిగిలింది ఆదివారమంతా సన్యాసమ్మ తినాలి. భీమిలి పక్క పల్లెలో చేపల పులుసుతో పెరిగిన నాలుక ఎన్నాళ్లని ఓర్చుకుంటుంది? నేరానికి మూలం అదీ.

ఇంటికొచ్చిన శ్రీసత్య గుమ్మంలోనే దగ్గింది.

"ఏటత్తయ్యా, ఇంత పొగ?"

"దోమలమ్మా. సంపేస్తన్నాయి."

"మంచి పని చేశారు. శుక్రవారం శుక్రవారం వేస్తుండండి."

మర్నాడు శ్రీసత్య చాట్ కలిపి, చెంచాతో రుచి చూసి, తల ఊపింది. చీకటి పడకముందే గిన్నె ఖాళీ. కింది ఫ్లోర్ ఫ్లోరెన్స్ టీచర్ ప్లేటు నాకినంత పని చేసి, మళ్లీ చెయ్యి చాపింది.

"ఏటి కలిపావు శ్రీసత్యా? మా అమ్మ చేతి వంట గుర్తొస్తంది."

"అంతా మొక్కల మహిమ ఆంటీ."

తలుపు చాటున సన్యాసమ్మ మూతి తిప్పుకుంది. 'మొక్కే! సముద్రంలో ఈదిన మొక్క.'

ఇక ఆమెకి అడ్డులేకపోయింది. శ్రీసత్య చాట్ కోసం వేరే అపార్ట్‌మెంట్ల నుంచి కూడా జనం రావడం మొదలుపెట్టారు. ఆఖరికి వీగన్ క్లబ్బు ప్రెసిడెంటు త్రినాథరావు వచ్చాడు. తోలు చెప్పు తొడగడు, పట్టు బట్ట కట్టడు, పక్కవాడు కడితే ఊరుకోడు. అలాంటి మనిషి బఠాణీ చాట్ తిని కళ్లు మూసుకున్నాడు.

"అమ్మా, బీచ్‌లో మన క్లబ్బు ఫుడ్ ఫెస్టివల్‌కి మీ చాటే పెడదాం. కాకపోతే రూలు రూలే. మసాలా ల్యాబుకి పంపాలి. రేపొచ్చి పట్టుకెళ్తాను."

సన్యాసమ్మకి బఠాణీ గొంతులో అడ్డం పడింది. ఆయన వెళ్లగానే కోడలి పక్కకి చేరింది.

"ల్యాబంటే ఏటమ్మా? అందల ఏదైనా కలిస్తే తెలిసిపోద్దా?"

"పిసరు కలిసినా చెప్పేస్తారత్తయ్యా. అప్పుడింక నాను లిఫ్టులో తలెత్తుకోలేను."

ఆ రాత్రి సన్యాసమ్మకి కునుకు లేదు. ఈ పిల్ల తనని ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. తన మోకాళ్లకి నూనె రాసి మరీ పడుకుంటుంది. నోటి రుచికి కక్కుర్తిపడి ఆ పిల్ల పరువు తీసేస్తోంది తను. చెప్పేద్దామని రెండుసార్లు గది దాకా వెళ్లి, నోరు రాక వెనక్కి వచ్చింది.

తెల్లారాక శ్రీసత్య భుజాన తువ్వాలు వేసుకుని బాత్రూమ్ వైపు నడిచింది.

"తలంటుకుంటానత్తయ్యా. కొంచెం లేటవుద్ది. ఆయనొస్తే కూర్చోబెట్టండి."

గడియ పడిందో లేదో సన్యాసమ్మ మోకాళ్ల నొప్పులు మరిచిపోయి లేచింది. డబ్బాలోదంతా కవర్లో కుమ్మరించి చెత్తబుట్ట అడుగున తొక్కేసింది. డబ్బా తోమింది, తుడిచింది. జీలకర్ర, ధనియాలు, ఎండుమిర్చి వేయించి, నల్లుప్పు, ఆమ్‌చూర్ వేసి, కొత్త మసాలా కొట్టి నింపింది. మూత పెట్టి చెమట తుడుచుకుంటుంటే కాలింగ్ బెల్ మోగింది. అప్పుడు గానీ బాత్రూమ్‌లో నీళ్ల చప్పుడు ఆగలేదు.

ల్యాబు నుంచి కబురు వచ్చేదాకా ఆమెకి ముద్ద దిగలేదు. త్రినాథరావు ఫోన్ చేసి నూటికి నూరుపాళ్లు వీగన్ అనగానే శ్రీసత్య వచ్చి అత్తని గట్టిగా వాటేసుకుంది.

"అంతా మీ చేతి చలవే అత్తయ్యా!"

సన్యాసమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. చచ్చినా ఇంక ఆ పని చెయ్యనని సింహాద్రి అప్పన్నకి దండం పెట్టుకుంది. ఆ వారమే చేతి సంచి పట్టుకుని మార్కెట్‌కి వెళ్లింది, ఎండుచేపలమ్మే పోతమ్మకి ఆ ముక్క చెప్పేద్దామని.

ఆమెని చూడగానే పోతమ్మ గంపలోంచి పొట్లం తీసింది.

"వద్దప్పా" అంది సన్యాసమ్మ, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి. "ఇంక రొయ్యపొట్టు జోలికి రాను. మా కోడలికి తెలిస్తే నా మొకం సూడదు."

పోతమ్మ ఆమెని ఎగాదిగా చూసి, గంప మీద చెయ్యేసుకుని పగలబడి నవ్వింది.

"ఓలప్పా, నీ కోడలు నిన్ననే వొచ్చి బీచి పండక్కని బస్తాడు సెప్పీసెల్లింది, ఏయించడానికి మా అత్తుంది అనీసి!"